నీళ్ళు తాగిన కెమెరా

ఐలా నడుం లోతు నీళ్ళలో నిలబడి బీవర్‌ని తిట్టింది. ఒక్క బీవర్‌నే అనుకునేరు! దాని అమ్మని, అబ్బని, అది కొరికి పడేసిన చెట్లని, ఆ చెట్లతో అది వాగుకి అడ్డంగా కట్టిన కట్టని పేరుపేరునా తిట్టింది. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే మనిషికి తిట్ల కోసం తడుముకోవాల్సిన అవసరం లేదు. నవంబరు మొదటివారం, మిషిగన్‌లో ఉత్తరపు కొస అడవి, ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో ఆ అడవిలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాళ్ళు ఉన్నాయో లేవో ఆమెకి తెలియడం లేదు.

ఆమె వెతుకుతున్నది చెట్టుకెమెరా కోసం. రెండు అరచేతుల్లో పట్టేంత పెట్టె అది. చెట్టుకి పట్టీ వేసి కట్టి వచ్చేస్తే, ఎదురుగా ఏ జంతువు కదిలినా తనంతట తానే ఫోటో తీసి లోపలి కార్డులో దాచుకుంటుంది. అక్టోబరులో ఆమె దాన్ని ఇదే దేవదారు చెట్టుకి మోకాలెత్తులో కట్టినప్పుడు ఇక్కడ పొడినేల ఉంది. తర్వాత మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. పక్కనే వేటమంచె ఉంది, దాని చుట్టూ మాటిమాటికీ తిరిగితే మనిషి వాసనకి దుప్పి దారి మార్చేస్తుందని వాళ్ళ నాన్న రేనో నేర్పిన పాఠం. ఆమె ఆ పాఠం తూచా తప్పకుండా పాటించింది. బీవర్ మాత్రం ఆ పాఠం వినలేదు. కింద ఎక్కడో కట్ట కట్టింది, పైన ఇక్కడ వాగు పొంగి అడవిలోకి వచ్చింది.

చెయ్యి భుజం దాకా ముంచి తడిమితే పట్టీ దొరికింది. విప్పి పైకి లాగింది. గాజుకన్ను వెనక నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"బాగా తాగావే తల్లీ," అంది ఐలా దానితో.

ఒడ్డుకి వచ్చి మూత తెరిచేసరికి బురదనీళ్ళు బుడబుడా కారాయి. బ్యాటరీలు ఉబ్బి తెల్లటి పొక్కులు కక్కాయి. అప్పుడు మూత అంచు మీద వేలు పెట్టి చూసుకుంది. మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు పట్టీ లేదు. నీళ్ళు లోపలికి పోకుండా ఆపేది అదే. అది ఎక్కడ పోయిందో వెతకాల్సిన పని కూడా లేదు, ఆమె ఇంట్లో వంటింటి సొరుగులో భద్రంగా ఉంది. కట్టే ముందు తానే పీకేసింది. కొత్త రబ్బరు కంపు మనకి తెలియదు గాని దుప్పికి ఫర్లాంగు దూరం నుంచి తెలుస్తుందని నాన్న అనేవాడు. అందుకని పట్టీ పీకేసి, పెట్టెకి దేవదారు ఆకు నలిపి పూసి, ఎంతో మురిసిపోయి మరీ కట్టింది. వేటగాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాని తెలివి అది. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

ఇప్పుడు ఆ కార్డులో ఉన్నదేదో బయటికి రాకపోతే నాన్న మంచం పోతుంది.

మంచం అంటే వేట క్యాంపులో మంచం. రాగి గనుల్లో పని కోసం ఫిన్లాండు నుంచి వచ్చిన తాతలు దుంగలు పేర్చి కట్టిన ఒంటిగది ఇల్లు అది. పొయ్యి ఒకటి, గోడల వెంట మంచాలు. తండ్రి పోతే మంచం కొడుక్కి, కొడుకు లేకపోతే అల్లుడికి. రేనోకి ఉన్నది ఒక్క కూతురు, ఆ కూతురి మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. పన్నెండేళ్ళ వయసు నుంచి నాన్నతో మంచె మీద కూర్చుంది ఐలా. తుపాకి పట్టడం, గాలి ఎటు వీస్తోందో చూడడం, గిట్టల జాడ చదవడం అన్నీ అక్కడే నేర్చుకుంది. అయినా ఏటా నవంబరు పద్నాలుగు సాయంత్రం, తెల్లారితే వేట మొదలవుతుందనగా, సామాన్లు మోసుకొచ్చి క్యాంపు గడప దగ్గర దించి ఇంటికి పోవడమే ఆమె వంతు. వెనక తలుపు వేసుకునేవాళ్ళు. ఆ తలుపు చప్పుడంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మంట.

నాన్న వసంతంలో పోయాడు. ఆగస్టులో క్యాంపు కప్పుకి తారు పూసేరోజున అందరి ముందూ అడిగేసింది, మంచం నాదని. చిన్నాన్న వైనో కొడుకు రాడ్నీ పకపకా నవ్వాడు. వాడికి ఆ మంచం దక్షిణాన పట్నంలో ఉండే తన బావమరిదికి ఇప్పించాలని ఉంది. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు, ఇక్కడ బావమరిది సుఖం కోరి బావ తపించిపోతున్నాడు. క్యాంపు పెద్ద వైనోయే. ఆయన తారు చీపురు పక్కన పెట్టి, గెడ్డం గోక్కుని, మాట చెప్పాడు.

"వంకరకొమ్ము బతికే ఉందంటున్నావు గదమ్మాయ్. ఒక్క ఫోటో పట్టుకురా. అప్పుడు మంచం సంగతి మాట్లాడదాం."

వంకరకొమ్ము రేనో ఏళ్ళ తరబడి వెంటాడిన దుప్పి. ఒక కొమ్ము ఆకాశానికి, ఒకటి కంటి మీదకి. దుంగల లారీ గుద్ది చచ్చిందని ఊరంతా తీర్మానించింది. ఐలా మాత్రం మంచె దగ్గర దాని చీలిన గిట్ట జాడ చూసింది.

*

కార్డు రావడం లేదు. అది దూరే సన్నటి సందులో బురద గట్టిగా బిగుసుకుపోయింది. పట్టకారుతో లాగితే విరిగిపోతుంది. ఎవరిని అడిగినా బియ్యంలో పెట్టమన్నారు. బియ్యంలో పెడితే తడి పోతుందేమో, బురద ఎలా పోతుంది? ముందు నింపాదిగా ఆరనిచ్చి, తర్వాత సూదితో గీకాలని ఐలా నిర్ణయించుకుంది. ఆరబెట్టడానికి ఇంటి వెనక ఆవిరిస్నానాల గది, అదే సౌనా, దాని కన్నా మంచి చోటు ఏముంది? శనివారం అందరూ స్నానాలు చేశాక పొయ్యి ఆరిపోయినా రాళ్ళ వేడి పోదు, చెక్కబల్లలు గోరువెచ్చగా ఉంటాయి.

ఆ శనివారం ఆమె స్నానం ముగించి, నిప్పు చల్లారనిచ్చి, కెమెరా మూత తెరిచి, తువ్వాల్లో చుట్టి పైబల్ల మీద పెట్టి వచ్చింది. చిన్నాన్న ప్రతి శనివారం అన్నగారి సౌనాకి వచ్చేవాడు. తగాదా వచ్చినా, అన్న పోయినా ఆ రాక ఆగలేదు. ఆరోజు చీకటి పడినా జాడ లేకపోయేసరికి ఇక రాడనుకుంది. వంటింట్లో యాలకుల రొట్టె కోస్తోంది.

బయట 'చుయ్య్' మని చప్పుడు.

ఆ చప్పుడు ఆమెకి పుట్టినప్పటి నుంచి తెలుసు. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పడిన చప్పుడు. కత్తి చేతిలో ఉండగానే పరిగెత్తింది.

"చిన్నాన్నా! ఏం పోశావ్?" అని తలుపు బాదింది.

"నీళ్ళు. సౌనాలో నీళ్ళు గాక సారా పోస్తారా?" లోపల్నుంచి వైనో.

"పైబల్ల మీద కెమెరా ఉంది, కనపళ్ళా?"

"తువ్వాలు కనపడింది. సబ్బుపెట్టె అనుకున్నా."

"ఎన్ని గరిటెలు పోశావు?"

"మూడు. రాళ్ళు చల్లబడ్డాయని ఇంకోటి."

"అయ్యో నా ఖర్మ! గుడ్డ కట్టుకో, లోపలికొస్తున్నా."

"ఆగవే, ఆగు! కాస్త సిగ్గుండాలి."

"సిగ్గు నీకుండాలి. ఒకళ్ళింటికొచ్చి చెప్పాపెట్టకుండా నీళ్ళు పోస్తావా?"

"సౌనాలోకొచ్చి రాళ్ళ మీద నీళ్ళు పోయకపోతే మనిషినా గొడ్డునా? మీ నాన్న కూడా ముందు పోసేవాడు, తర్వాత పలకరించేవాడు." ఆ మాటా నిజమే. ఆ జాతిలో పుట్టినవాడి చెయ్యి గది తలుపు తీయగానే గరిటె మీదకే పోతుంది.

ఆవిరిలో ఏమీ కనబడలేదు. తడుముకుంటూ కెమెరా అందుకుని వంటింట్లోకి తెచ్చింది. గాజుకంటి నుంచి చెమట కారుతోంది. ఇక దీని పని అయిపోయింది, మళ్ళీ ఒక్క ఫోటో తీయదు. ఆమెకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆ కోపంలో బల్ల మీద ఠపీమని పెట్టింది. ఆ అదురుకి సందులోంచి ఏదో చిన్నగా టిక్కుమంది. ఆవిరికి మెత్తబడిన బురద జారింది, దాని వెంట కార్డు సగం బయటికి వచ్చింది.

తువ్వాలు కట్టుకుని, ఎర్రబారిన ఒంటితో గుమ్మంలో నిలబడ్డ వైనో చూశాడు.

"చూశావా? నేను పొయ్యకపోతే వచ్చేదా అది?"

"ముందు చొక్కా వేసుకో చిన్నాన్నా."

కార్డుని సారాతో తుడిచి, సాసర్లో పెట్టి ఆరనిచ్చింది. ఈలోగా ఆయన చొక్కా వేసుకుని, పంచదార బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని, కాఫీ సాసర్లో పోసుకుని జుర్రుతూ కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టగానే బొమ్మలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. మొదటిది ఐలా మొహమే, తెర నిండా ముక్కు. తర్వాత ఒక లేడి. తర్వాత గిన్నెల దొంగలా కళ్ళ చుట్టూ నల్ల గంతలున్న రకూన్ అనే చిన్న జంతువు. తర్వాత వానలు పడ్డట్టున్నాయి, రబ్బరు లేని మూతలోంచి తడి దూరి గాజుకంటికి లోపల పొగ పట్టింది. అక్కడి నుంచి అన్నీ తెల్లటి తెలుపే. ఐలా తెలుపు మీద తెలుపు నొక్కుకుంటూ పోయింది.

ఒకచోట ఆగింది. తెల్లటి ఆవిరిలో పెద్ద నల్లటి ఆకారం. తల ఇటు తిప్పింది. ఒక కొమ్ము పైకి. ఒకటి కంటి మీదకి.

వైనో సాసరు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"అదే కదా?" అంది ఐలా.

"మబ్బు."

"చిన్నాన్నా!"

"మబ్బులాగుందమ్మా. అయినా నేనొక్కణ్ణి చూస్తే సరిపోద్దా? అందరూ ఒప్పుకోవాలి." లేచి టోపీ పెట్టుకున్నాడు. సాసర్లో కాఫీ సగం అలాగే ఉంది. ఆయన కాఫీ వదిలిపెట్టి లేవడం ఆమె జన్మలో చూడలేదు. అంటే చూశాడు, గుర్తుపట్టాడు, కొడుక్కి భయపడ్డాడు. ఐలాకి అంతా అర్థమైంది. అర్థమయ్యేకొద్దీ ఒళ్ళు మండింది.

*

పద్నాలుగో తారీకు సాయంత్రం క్యాంపులో పొయ్యి భగభగ మండుతోంది. మాంసం, బంగాళాదుంపలు కుక్కిన పాస్టీలు పొయ్యి అంచున వెచ్చబడుతున్నాయి. రేనో మంచం మీద కొత్త తోలుసంచి ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దాని యజమాని, రాడ్నీ బావమరిది, మడతలు పోని కొత్త వేటబట్టల్లో పక్కనే నిలబడి గోడ వైపు చూస్తున్నాడు.

గోడ నిండా గుడ్డముక్కలు. గళ్ళవి, చారలవి, చిమ్మటలు తిన్నవి. ఒక్కోదాని మీద సిరాతో పేరు, సంవత్సరం. క్యాంపులో అందరికన్నా పెద్దవాడు, అందరికన్నా నోరున్నవాడు ఉర్హో. ఆయన ఆ కుర్ర అతిథికి పాఠం చెబుతున్నాడు.

"దుప్పి మీద కాల్చి గురి తప్పావనుకో, చొక్కా వెనకాల కిందిముక్క కోసి ఇక్కడ మేకు కొడతాం. చొక్కా తోక అంటాం దాన్ని. తోక గోడెక్కిన రోజు నుంచి నువ్వు ఈ ఇంటివాడివి. ఇక నిన్ను బయటికి పొమ్మనే మొగాడు లేడు. అప్పటిదాకా చుట్టానివే. మా తాతలు పెట్టిన మాట."

"ఎప్పుడూ గురి తప్పనివాడైతే?"

"అలాంటోడు ఇంకా పుట్టలేదు నాయనా. అబద్ధాలకోర్లు మాత్రం ఉన్నారు." అందరూ నవ్వారు. "ఇంకోటి విను. ఆ గోడన కొట్టిన మేకు పీకడమంటూ ఉండదు. ఒకసారి ఇల్లు కాలితే మా వాళ్ళు తిండిగింజలు వదిలేసి తోకలు కొట్టిన గోడపలకలు మోసుకొచ్చారు."

గుమ్మం బయట ఆ మాటలన్నీ విన్న ఐలా అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది. ఒంటి మీద నాన్న ఎర్రగళ్ళ ఉన్నిచొక్కా, మోకాళ్ళ దాకా వేలాడుతోంది. దాని వెనక ఎడమ పక్క ముక్క లేదు. వంకరకొమ్ము మీద నాన్న గురి తప్పిన ఏడాది, ఆ ముక్క ఈ గోడెక్కింది. ఎవరి పలకరింపుకీ ఆగకుండా ల్యాప్‌టాప్ పేకాట బల్ల మీద పెట్టి తెరిచింది.

"ఇదిగో ఫోటో. చిన్నాన్న అడిగింది."

తలలన్నీ వంగాయి. ఒక్కడైనా నిజం అంటాడని ఐలా ఆశపడింది.

"అక్కా," అన్నాడు రాడ్నీ, "ఇది దుప్పా, లేకపోతే గిన్నె మూత తీస్తే వచ్చే ఆవిరా?"

"నాకైతే వైనో సౌనాలోంచి బయటికొస్తున్నట్టుంది," అన్నాడు ఉర్హో. "ఆ వంకర చూడు, అచ్చం వాడే."

క్యాంపు ఘొల్లుమంది. రబ్బరు పీకేసిన కథ కూడా ఎలాగో తెలిసిపోయింది, దాని మీద ఇంకో నవ్వు. ఐలా ఎవరినీ పట్టించుకోలేదు. చిన్నాన్న వైపే చూసింది. ఆయన పొయ్యి మీద గిన్నెలో గరిటె తిప్పుతున్నాడు. గిన్నెలో తిప్పాల్సింది ఏమీ లేదు.

"చెప్పు చిన్నాన్నా. నీకు కనపడిందా లేదా?"

"సరిగ్గా... కనపట్టంలేదమ్మాయ్."

ఇన్ని మాటలు పడిన మనిషికి ఆ ఒక్క మాట తగలాల్సిన చోట తగిలింది. నాన్న తోడబుట్టినవాడు! నాన్న గ్లాసులో కాఫీ తాగినవాడు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని వీళ్ళ ముందు కార్చేది లేదనుకుంది.

"పోనీ వంటకుండు అక్కా," రాడ్నీ ఉదారంగా అన్నాడు. "పొద్దున్నే కాఫీ పెట్టేవాళ్ళు కావాలి మాకు. ఎవరూ కాదనరు."

ఐలా ల్యాప్‌టాప్ మూసింది.

"నీ కాఫీ నువ్వు పెట్టుకో. చేతులున్నాయిగా? వాగవతల కాగితం కంపెనీ అడవి. అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు, నీ పర్మిషన్ అక్కర్లా. నాన్న మంచె అక్కడే ఉంది. రేపు నేను దాని మీద ఉంటా."

"మంచె నీళ్ళలో ఉందిగా!"

"ఈదుకుంటూ పోతా. నీకేం?"

"మరి ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావే?" వైనో గొంతు బలహీనంగా వచ్చింది.

"నా ట్రక్కులో. మీ వాకిట్లోనే. మీరు తలుపు గట్టిగా వేసుకోండి, అలవాటేగా." ఈసారి ఆ తలుపు ఆమే వేసింది. పొయ్యి పైన వేలాడే గిన్నెలు గలగలమన్నాయి.

*

తెల్లవారే వేళకి మంచు సన్నగా రాలుతోంది. మంచె నిచ్చెన అడుగుమెట్లు నీళ్ళలోనే ఉన్నాయి. ఐలా బూట్లు తడిసినా లెక్కచేయకుండా ఎక్కి, నారింజరంగు జాకెట్టు కింద చొక్కా సర్దుకుని, తుపాకి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ట్రక్కు సీటు మీద ముడుచుకున్న నడుం పట్టేసింది. పంతం కాకపోతే ఏ మనిషి కూర్చుంటుంది ఆ చలిలో?

బీవర్‌ని అన్ని తిట్లు తిట్టింది గాని, పైనుంచి చూస్తే అది చేసిన పని వేరేగా కనబడింది. నీళ్ళు ఇటూ అటూ పరుచుకుని, మధ్యలో ఒక సన్నటి మిట్ట మాత్రమే పొడిగా మిగిలింది. ఏ జంతువు ఈ పక్క నుంచి ఆ పక్కకి పోవాలన్నా దాని మీదుగానే పోవాలి. అది మంచె ఎదురుగానే ఉంది.

బాగా వెలుగొచ్చాక వచ్చింది అది. ముందు దేవదారు కొమ్మ కదిలింది. తర్వాత తల. ఒక కొమ్ము పైకి, ఒకటి కంటి మీదకి. ఆవిరి లేదు, పొగ లేదు, పట్టపగల్లా కనిపిస్తోంది. చీలిన గిట్ట జాగ్రత్తగా మంచులో పెడుతూ, ముసలాడు సంతకి పోతున్నంత తీరిగ్గా మిట్ట మీద నడిచి వచ్చింది.

ఐలా తుపాకి ఎత్తింది. నాన్న చెప్పినట్టే ఊపిరి సగం వదిలింది. నాన్న చెప్పినట్టే భుజం వెనక గురి చూసింది. చేతులు వణికాయి. వణకొద్దే వణకొద్దే అనుకుంటూనే నొక్కింది.

దుప్పి పక్కనున్న దేవదారు బెరడు ఎగిరి పడింది. వంకరకొమ్ము ఒక్క దూకు దూకి, తోక జెండాలా లేపి, నీళ్ళు చిమ్ముకుంటూ మాయమైంది.

ఐలా తల తుపాకి మీద ఆనించి ఏడ్చింది. నాన్న మీద, దుప్పి మీద, తన మీద, అందరి మీదా కలిపి ఏడ్చింది. ఏడ్చాక కిందికి దిగి, వేటగాడి ధర్మం ప్రకారం మిట్టంతా వెతికింది. చుక్క నెత్తురు లేదు, వెంట్రుక లేదు. తగలనే లేదు. తోడేలుని బెదిరించడానికి కాల్చానని చెప్పొచ్చు, ఎవరడుగుతారు? ఛీ, అబద్ధాలకోర్ల పేర్లు కూడా ఆ క్యాంపులో అందరికీ తెలుసు. ఆమె పేరు ఆ వరసలో చేరడానికి ఆమె ఒప్పుకోదు. నడక మొదలుపెట్టింది. దారిలో నిన్నటి ఉర్హో మాటలు గుర్తొచ్చాయి. ఒక్కసారి ఆగింది. తర్వాత ఇంకా వేగంగా నడిచింది.

*

మధ్యాహ్నం తిండికి అందరూ చేరారు. తుపాకి మోత అందరూ విన్నారు.

"ఏదక్కా? ఈడ్చుకురాలా?" రాడ్నీ గుమ్మంలోనే అందుకున్నాడు.

"తప్పింది."

"ఏంటి తప్పింది?"

"వంకరకొమ్ము."

"ఓహోహో! మబ్బుని కాల్చొచ్చిందిరోయ్!"

"మబ్బో గిబ్బో, తప్పిందని తనే అంది!" ఉర్హో బల్ల చరిచాడు. "తప్పితే తోక! తోక!"

"తోక! తోక!" క్యాంపంతా అందుకుంది. ఇంతకన్నా పెద్ద వినోదం వాళ్ళకి ఈ ఏడాదికి ఇంకేం దొరుకుతుంది? రాడ్నీ పరిగెత్తి కత్తి తెచ్చాడు. చాలా రోజుల నుంచి ఈ అక్క తోక కత్తిరించాలని ఉంది వాడికి. ఐలా జాకెట్టు విప్పింది. వీపు తిప్పి నిలబడింది.

పొయ్యి దగ్గర వైనో తలెత్తాడు. అన్న చొక్కాని చూశాడు, గోడని చూశాడు, అన్న కూతురి మొహం చూశాడు. ఆయన మొహం మారిపోయింది.

"రాడ్నీ, ఆగరా."

"ఆటకే కదా నాన్నా!"

"ఆపకు చిన్నాన్నా," అంది ఐలా. "గురి తప్పినోళ్ళందరికీ చేశారుగా. నాకెందుకు తక్కువ చెయ్యాలి?"

వైనో ఆమె కళ్ళలోకి చూశాడు. పొద్దున వణికిన చేతులు ఇప్పుడు వణకడం లేదు. ఆయన మెల్లగా లేచి, అల్మారాలో వెతికాడు.

"సరే. ఆ తుప్పు మేకులొద్దు. ఇది కొట్టు, వంగదు."

కత్తి ఉన్నిగుడ్డలో కరకరా దిగింది. ఎడమ పక్క ఎప్పుడో నాన్నతో పోయింది, ఇప్పుడు కుడి పక్క పోయింది.

"పేరు పూర్తిగా రాయండి," అంది ఐలా. "ఐలా రేనో నియెమి. ఏడాది కూడా."

రాశారు. రేనో ముక్క పక్కనే పెట్టి మేకు దించారు. ఒకే చొక్కా, ఒకే గళ్ళు, ఒకటి పాతబడి వెలిసింది, ఒకటి ఇంకా ఎర్రగా ఉంది. అందరూ ఈలలు వేశారు. బావమరిది కూడా తెలియకపోయినా చప్పట్లు కొట్టాడు.

ఐలా ఆ ముక్కని ఒకసారి తేరిపార చూసుకుంది. తర్వాత నాన్న మంచం దగ్గరికి నడిచి, తోలుసంచిని రెండు చేతులా ఎత్తి, తీసుకెళ్ళి గుమ్మం పక్కన పెట్టింది.

ఈలలు ఆగిపోయాయి.

"ఏంటక్కా అది?"

"నా మంచం మీద ఎవరివో సామాన్లున్నాయి. తీశా."

"నీ మంచమేంటి?"

"ఉర్హో మామా, నిన్న ఈ చుట్టానికి ఏం చెప్పావ్? గోడ మీద తోక ఉన్నోళ్ళని ఈ ఇంట్లోంచి పొమ్మనే మొగాడున్నాడా?"

ఉర్హో తల తిప్పి గోడకేసి చూశాడు.

"లేడు," అన్నాడు చివరికి.

"అది ఆటకి కొట్టాం!" రాడ్నీ అరిచాడు.

"ఆటకా? లేని దుప్పి మీద గురి తప్పితే తోక కోస్తార్రా ఎక్కడైనా? కోశారంటే దుప్పి ఉన్నట్టే. దుప్పి ఉందంటే నా ఫోటో నిజమే. మీ చేత్తో మీరే కోశారు, మీ చేత్తో మీరే కొట్టారు. తోక మాట ముందు ఎత్తింది మీరా, నేనా?"

రాడ్నీ సుత్తి అందుకుని గోడ వైపు విసురుగా నడిచాడు. సుత్తి కొక్కెం మేకు కింద పెట్టాడు. ఎవరూ కదల్లేదు. ఉర్హో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, చావు జరిగిన ఇంట్లోలాగ.

"పీకు," అంది ఐలా. గొంతు పెంచలేదు. "ముందు అదిగో, పైన మన తాతది పీకు. తర్వాత మా నాన్నది. తర్వాత మీ నాన్నది. వరసలో వచ్చి నాది పీకు. నేనిక్కడే నిలబడతా."

రాడ్నీ తండ్రి వైపు చూశాడు. వైనో కొడుకు చేతిలోంచి సుత్తి తీసుకుని అల్మారాలో పెట్టాడు.

"ఆ ఫోటోలో ఉంది వంకరకొమ్మే," అన్నాడు అందరికీ వినబడేలా. "వంటింట్లో చూసిన రోజే గుర్తుపట్టా. చెప్పలా. తప్పు నాదే." తర్వాత తల వంచుకుని పొయ్యిలో కట్టె వేశాడు.

ఐలా ఆయన్ని క్షమించిందో లేదో అప్పుడే తేల్చుకోలేదు. ట్రక్కులోంచి దుప్పటి, కెమెరా తెచ్చుకుని, తడిసిన బూట్లు విప్పి పొయ్యి పక్కన, మగవాళ్ళ బూట్ల వరసలో పెట్టింది. మంచం మీద దుప్పటి పరిచింది. చచ్చిన కెమెరాని పట్టీతో మంచం కోడుకి కట్టింది. దాని గాజుకంటి మీద ఇంకా ఆవిరి ఉంది. తర్వాత మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పాస్టీ ఒకటి విరిచి నోట్లో పెట్టుకుంది.

"రేపు పొద్దున కాఫీ ఎవరు పెడతారో ఇప్పుడే తేల్చుకోండి," అంది నమిలి మింగాక. "నేను మాత్రం పెట్టను."